పాత పాట మీద మమకారం: ఉత్తరాంధ్రలో దాని వేళ్లు

నేటి సినిమా పాట కంటే పాత పాటే మేలని చెప్పేవారు తెలుగునాట ప్రతిచోటా ఉన్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ మాట మరింత పట్టుదలగా వినిపిస్తుంది. దీన్ని వయసు మళ్లినవారి బెంగగా కొట్టిపారేయడం సులువే గానీ, ఈ ప్రాంతంలో ఆ అభిరుచి వెనుక నూరేళ్లకు పైబడిన సంగీత శిక్షణ ఉంది. ఆ చరిత్రను పక్కన పెట్టి పాత కొత్తల తగవు తీర్చబోవడం అన్యాయమని నా అభిప్రాయం.

1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు, ఆయన వాయులీన (వయొలిన్) ప్రతిభ చూసిన పెద్దల నిర్ణయంతో ఏకంగా ఆచార్యులయ్యారు; 1936లో అధ్యక్ష పదవినీ స్వీకరించారు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు, ఇంటింటా మధుకరం (అన్నభిక్ష) ఎత్తి పొట్ట నింపుకుంటూ ఈ ఊళ్లోనే చదువుకున్నారు. ఆయనను చేరదీసి విద్య నేర్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన్నగురువుగారంటే ఈయనేనని ఈ ప్రాంతంలో సంగీతం తెలిసినవారందరికీ తెలుసు. ఆ గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు తర్వాతి కాలంలో మద్రాసులో ఘంటసాలకు సహాయకులుగా ఏళ్ల తరబడి పనిచేశారు. విజయనగరంలో 1935లో పుట్టిన పి. సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినే.

సంగీత దర్శకుడు సాలూరు రాజేశ్వరరావు కథ వేరు. ఆయన 1922 అక్టోబరులో సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించారు. ఆ సాలూరు 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోనూ, 1979 నుంచి విజయనగరం జిల్లాలోనూ ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది కాబట్టి, ఆయన మావాడని చెప్పుకునే హక్కు ఇక్కడ అందరికీ ఉంది. సినిమాల్లో స్థిరపడక ముందే ఆయన గ్రామఫోను రికార్డులకు పాడిన లలితగీతాలు ఇంటింటికీ చేరాయి. శాస్త్రీయ రాగాన్ని సామాన్యుడి నోటికి అందే బాణీగా మలచడంలో ఆయనను మించినవారు లేరని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఇంతమంది కళాకారులు ఈ ప్రాంతం నుంచి ఎదిగారన్న గర్వం ఒక్కటే ఈ ఇష్టానికి కారణం కాదు. ఇక్కడి శ్రోత చెవి సినిమా కంటే ముందే తయారైంది. హరికథ చెప్పే దాసుగారి గొంతులో రాగం ఎంత విస్తరించినా మాట మరుగున పడకూడదు, ఎందుకంటే చివరి వరుసలో కూర్చున్న రైతుకు కథ అందకపోతే ఆ రాత్రి వృథా అయినట్టే. పద్యనాటకంలోనూ అంతే: పద్యం ఎత్తుకున్న నటుడు రాగం తీసినంత సేపూ సభ ఓపిక పడుతుంది, కానీ పద్యంలోని అక్షరం తెలియకపోతే క్షమించదు. మైకు లేని రోజుల్లో తర్ఫీదు పొందిన ఈ వినికిడికి, పదాన్ని విరవకుండా, భావాన్ని ముందు నిలిపి పాడే ఘంటసాల, సుశీలల గానం సొంత ఇంటి పాటలా తోచింది.

ఆ గానాన్ని పల్లెకు చేర్చినవి రేడియో, మైకు సెట్టు. 1952 తర్వాత కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ విధానం వల్ల ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కనుమరుగైనప్పుడు శ్రోతలు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు మళ్లారు; 1957లో ఆకాశవాణిలోనే వివిధభారతి మొదలయ్యాక గానీ ఆ లోటు తీరలేదు. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వచ్చి ఈ జిల్లాలకు దగ్గరైంది. పెళ్లి పందిట్లోనూ, ఊరి సంబరాల్లోనూ వేసిన రికార్డులే మళ్లీ మళ్లీ వినిపించేవి. పాటలు తక్కువ, వినడం ఎక్కువ. కాబట్టి ఒక్కో చరణం కంఠస్థమయ్యేది.

పాట తయారయ్యే తీరులో వచ్చిన మార్పు ఇంతకంటే ముఖ్యమైనది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక్కో వైపు మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. పల్లవి, రెండు మూడు చరణాలు ఆ కొలతలోనే ఇమడాలి. ఒకే హాల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి పాడేవారు, ఎవరు తప్పినా మొదటి నుంచీ మళ్లీ మొదలు. అందుకే రిహార్సల్స్ సాగేవి, సాహిత్యం గాయకుడి నోట నలిగేది. ఒక్కో గొంతునూ వాద్యాన్నీ విడివిడిగా రికార్డు చేసి కలిపే ట్రాకుల పద్ధతి వచ్చాక గాయకుడు ఒంటరిగా, ముక్కలు ముక్కలుగా పాడే వీలు కలిగింది. 1980ల్లో క్యాసెట్టు పాటను చవక చేసింది. తర్వాత ఒకే ముక్కను మళ్లీ మళ్లీ వినిపించే కంప్యూటరు లూపులు, 1997లో శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ వచ్చాయి. ఈనాడు చాలా పాటల్లో ముందు బీటు సిద్ధమై, దాని మీద మాటలు కూర్చుంటున్నాయి. మెల్లని చోటునూ గట్టి చోటునూ ఒకే స్థాయికి ఎత్తడం వల్ల గొంతులోని హెచ్చుతగ్గులు వినబడకుండా పోతున్నాయి. పాత పాట ప్రేమికుల ఫిర్యాదులో నాకు నిజమనిపించే భాగం ఇదే.

మిగతా ఫిర్యాదులను జాగ్రత్తగా తూచాలి. ఆ రోజుల్లోనూ పేలవమైన పాటలు కుప్పలుగా వచ్చాయి. కాలం వాటిని జల్లెడ పట్టి మంచివాటినే మనకు మిగిల్చింది. నిన్నటి మేలిమిని ఇవాళ్టి సగటుతో పోల్చడం సరికాదు. పైగా యౌవనంలో విన్న పాట మనసులో అన్నిటికంటే లోతుగా దిగుతుందన్నది ఏ తరానికైనా వర్తించే సంగతి. కొత్త పాట అంటే ఈ ప్రాంతానికి గిట్టదనీ అనలేం: 2020లో వచ్చిన 'పలాస 1978' చిత్రం ఉత్తరాంధ్ర జానపద వరుసలను వాడుకున్నప్పుడు, ఇంటి యాస వినిపించిన ఆ పాటలను ఇక్కడి పెద్దలూ పిల్లలూ కలిసే పాడుకున్నారు. మాట తెలిసేలా పాడితే కాలం అడ్డు కాదని అది చూపింది.

1996లో మొదలైన 'పాడుతా తీయగా' వంటి పాటల పోటీల్లో ఇప్పటికీ పిల్లలు పాత పాటలను ఎంచుకోవడం వెనుకా ఇదే కారణం ఉందనిపిస్తుంది. ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. ఈ పిల్లల్లో చాలామందికి ఆయన కాలం తాతగారి నోట విన్నదే. అయినా న్యాయనిర్ణేతల ముందు నిలబడినప్పుడు, బీటు సాయం లేకుండా గొంతు ఒక్కదానితో నిలిచే పాట కావాలి. ఆ పరీక్షకు తట్టుకునే పాటలు వారికి ఆ దశాబ్దాల్లోనే ఎక్కువగా దొరుకుతున్నాయి.