తోకకప్ప నుంచి ఉమ్మి పరీక్ష దాకా

'క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి' అనే మాట మన ఇళ్లలో వినని వాళ్లు అరుదు. నిజానికి పళ్లను కదిలించేది క్లీనింగ్ కాదు, గార కింద ఏళ్ల తరబడి సాగిన చిగుళ్ల వాపు. గార ఊడగానే, అప్పటికే అరిగిపోయిన ఎముక సంగతి బయటపడుతుంది, అంతే. ఈ అపోహ ఇంత మొండిగా నిలవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. వైద్యం పనిచేస్తోందని రోగి కళ్లకు చూపించే పరీక్ష చాలాకాలం డాక్టర్ల చేతిలో లేదు.

ఉన్నదల్లా ప్రోబ్. సన్నటి ఆ పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య దించి, ఒక్కో పంటికి 6 చోట్ల కొలుస్తారు. డాక్టర్ 'మూడు, రెండు, ఆరు' అని చెబుతుంటే పక్కనున్నవాళ్లు చార్టులో రాసుకుంటారు. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. ఆరు అనగానే కుర్చీలో ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అయితే ఆ ఆరు జరిగిపోయిన నష్టం లెక్క. వాపు ఇప్పుడు సాగుతోందా, చల్లారిందా అన్నది అందులో తెలియదు.

అది తెలుసుకోవడానికి ప్రోబ్ తగిలినప్పుడు చిగుళ్ల నుంచి వచ్చే రక్తస్రావాన్ని గుర్తుగా తీసుకున్నారు. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 1965లో దంత పరిశోధకుడు హెరాల్డ్ లోయె 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూశాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం అటూఇటూగా తగ్గిపోయాయి. జబ్బు ఇంత చురుగ్గా మారుతుంటే రక్తస్రావం చాలదా? చాలదని 1986లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో నిక్లౌస్ లాంగ్ బృందం తేల్చింది. వరుసగా 4 పరీక్షల్లోనూ రక్తం కారిన చోట్ల కూడా సుమారు 30 శాతంలోనే నష్టం పెరిగింది. రక్తం రాకపోతే ధైర్యంగా ఉండవచ్చు గానీ, వస్తే మాత్రం ఏమీ తేల్చి చెప్పలేం. పైగా పొగ తాగేవాళ్ల చిగుళ్లు జబ్బున్నా తక్కువే కారుతాయి.

ఉమ్మి పరీక్షకు దారి పడింది దంతవైద్యంలో కాదు. తోకకప్ప కప్పగా మారేటప్పుడు దాని తోక ఏమవుతుంది? బోస్టన్‌లో జెరోమ్ గ్రాస్, చార్ల్స్ లాపియర్ 1962లో తోక ముక్కల్ని కొల్లాజెన్ (ఒంట్లో కణజాలాన్ని పట్టి ఉంచే ప్రోటీన్) జెల్ మీద పెట్టి చూశారు. ముక్క చుట్టూ జెల్ కరిగి తేటపడింది. అలా దొరికిన, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైమే కొల్లాజినేజ్. చిగురును పంటికి పట్టి ఉంచేదీ కొల్లాజెనే. క్రిములతో పోరాడటానికి వచ్చిన మన తెల్లరక్తకణాలు అలాంటి ఎంజైమునే వదులుతాయి. అంటే క్రిములు మొదలుపెట్టిన పనిని మన ఒళ్లే పూర్తిచేస్తోంది. నన్ను అన్నిటికంటే ఆపి ఆలోచింపజేసే విషయం ఇదే.

అమెరికాలో లోర్న్ గోలబ్ 1983లో షుగర్ ఉన్న ఎలుకల మీద ఇంకో సంగతి చూపించాడు. క్రిముల్ని అణచడానికి వాడే టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్, క్రిములే లేని ఎలుకల్లోనూ ఈ ఎంజైము జోరు తగ్గించింది. ఆ దారిలోనే అదే జాతికి చెందిన డాక్సీసైక్లిన్ 20 మిల్లీగ్రాముల మోతాదుకు చిగుళ్ల జబ్బు కోసం 1998లో అక్కడ అనుమతి దొరికింది. ఎంజైమును అణచవచ్చని తేలాక, అణిగిందో లేదో కొలవాల్సిన అవసరమూ వచ్చింది.

హెల్సింకీలో టిమో సోర్సా బృందం ఏళ్ల తరబడి పట్టుకున్నది ఆ పనే. వాళ్లు ఎంచుకున్నది తెల్లరక్తకణాల కొల్లాజినేజ్, ఎంఎంపీ-8. నోట్లో అది మొత్తం ఎంతుందన్నది కాదు, మేల్కొని పనిచేస్తున్న రూపం ఎంతుందన్నదే ముఖ్యమని వాళ్ల వాదన. ఇప్పుడున్న పరీక్షలో శుభ్రమైన నీళ్లు పుక్కిలించి చిన్న కప్పులో ఉమ్మాలి. అందులో కొన్ని చుక్కలు స్ట్రిప్ మీద వేస్తే, గర్భ పరీక్షలోలాగా కొద్ది నిమిషాల్లో గీతలు తేలతాయి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే రెండో గీత. క్లీనింగ్‌కు ముందు రెండు గీతలుండి, తర్వాత ఒకటే మిగిలితే వాపు తగ్గుముఖం పట్టినట్టు.

లోపాలున్నాయి. ఉమ్మి నోరంతటికీ కలిపి ఒకే జవాబు ఇస్తుంది, ఏ పంటి దగ్గరో చెప్పదు. నోరు ఎండిపోయేవాళ్లలో, పొగ తాగేవాళ్లలో అంకె తప్పుదారి పట్టించవచ్చు. కాబట్టి ప్రోబ్‌ను పక్కన పెట్టేసే రోజు రాలేదు. 2018లో వెలువడిన చిగుళ్ల జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణలో జబ్బు ముదిరే వేగాన్ని లెక్కగట్టే పట్టిక ఒకటుంది. లాలాజలంలో కొలిచే ఇలాంటి సూచికల కోసం అందులో గడులు గీశారు. వాటిలో అంకెలు లేవు, ప్రశ్నార్థకాలే ఉన్నాయి.