అర్థం కాని సినిమాలు: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో చిన్న హాలు అద్దెకు తీసుకుని, నలభై కుర్చీలు వేసి, ఆదివారం సాయంత్రాలు వింత సినిమాలు చూపిస్తుంటాను. లైట్లు వెలగ్గానే ఎవరో ఒకరు పక్కకు పిలిచి గొంతు తగ్గిస్తారు: "మాస్టారూ, దీనికి అసలు అర్థం ఏంటి? నాకొక్కడికే తెలియలేదా?"

అపోహ: లోపల ఒక అర్థం దాచి ఉంటుంది, తెలివైనవాళ్లకే దొరుకుతుంది.

జనాన్ని ఎక్కువగా తరిమేసేది ఇదే. ఓ ఇంజినీరింగ్ కుర్రాడు యూట్యూబ్‌లో వివరణ వీడియోలు మూడు చూసి, నోట్సు రాసుకుని మరీ వచ్చాడు. రెండు గంటలూ ఆ కాగితంతో సరిచూసుకున్నాడే గాని తెర చూడలేదు. పాపం, వాడిది పరీక్ష టెన్షన్!

వాస్తవం: 1929లో స్పెయిన్ దర్శకుడు బున్యుయెల్, చిత్రకారుడు డాలీ కలిసి 'అన్ షియన్ అందలు' అనే సినిమా రాసుకున్నప్పుడు పెట్టుకున్న నియమమే, హేతువుకు అందే దృశ్యం ఏదీ ఉండకూడదని. మొదలైంది చెరో కలతో. ఒకరి కలలో చంద్రుణ్ణి కోసుకుపోయే మబ్బు, ఇంకొకరి కలలో చీమలు పాకే చెయ్యి. తీసినవాళ్లే తాళం వెయ్యలేదు, మీరు తాళంచెవి వెతుకుతారేం? (అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ప్రతీకలు అల్లినవీ ఉన్నాయి. అవి రెండోసారి చూసినప్పుడు వెతుక్కోవచ్చు.)

ఒకసారి మలయాళ దర్శకుడు అరవిందన్ తీసిన 'కుమ్మాటి' (1979) వేశాను. మాయలోడు ఊరి పిల్లల్ని జంతువులుగా మారుస్తాడు. కుక్కగా మారిన పిల్లాడు, అందరినీ తిరిగి మనుషుల్ని చేసే వేళకు అక్కడ లేక, మాయలోడు మళ్లీ ఊరికొచ్చేదాకా అలాగే ఉండిపోతాడు. మనవడికి తోడుగా గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు మలయాళమూ రాదు, సబ్‌టైటిల్సూ చదవలేదు. బయటికొచ్చి, "ఏటి బాబూ, ఆ కుక్క మళ్లీ పిల్లోడయ్యేదాకా నాకు ఊపిరాడనేదు" అంది. అర్థం ఊసే ఎత్తలేదు.

ఇక మిగతా అపోహలు. ఇలాంటివి మత్తులో తీస్తారట! అమెరికా దర్శకుడు డేవిడ్ లించ్ సినిమా 'ఇరేజర్‌హెడ్' (1977) షూటింగ్ డబ్బు చాలక ఆగుతూ ఆగుతూ ఏళ్ల తరబడి సాగింది. హీరో తలుపు తీసే షాట్‌కూ లోపలికొచ్చే షాట్‌కూ మధ్య ఏడాదికి పైనే గడిచింది. మత్తులో ఉన్నవాడు అంతకాలం కంటిన్యుటీ, అంటే షాట్‌కూ షాట్‌కూ పొంతన, కాపాడగలడా? విదేశీ పైత్యం అంటారా, కమల్ స్వరూప్ తీసిన హిందీ సినిమా 'ఓం దర్-బ-దర్' (1988) మన రాజస్థాన్‌లో పుట్టిందే. థియేటర్లకు రావడానికే 2014 దాకా పట్టింది.

మధ్యలో నిద్రొస్తే సిగ్గుపడక్కర్లేదు. నాకూ వస్తుంది. గురక మాత్రం వద్దు, ముందు వరసవాళ్లు నన్నే తిడతారు.