మలుపు చెప్పని కుర్రాడు

చిన్నారీ,

నీ అసైన్‌మెంట్ అందింది. పద్నాలుగు పేజీలూ చదివాను. ఆఖరి పేజీ అంచున మీ మేడమ్ ఎర్ర ఇంకుతో రాసింది కూడా చూశాను: "విషయం ఉంది, వాదన లేదు." దాని కిందే నీ పెన్సిల్ రాత: "తాతయ్యా, దొరికిందంతా చదివి రాశాను. ఇంకా ఏం కావాలంట వీళ్లకి?"

కోపంగా అడిగినా అడగాల్సిన ప్రశ్నే అడిగావు. నీ గదిలో వాళ్లందరిదీ ఇదే బాధ అన్నావు కదా, ఈ ఉత్తరం వాళ్లకీ చదివి వినిపించు.

నాకు పదేళ్లప్పుడు ఒకాయన సైకిల్ ఆపి, డాక్టరుగారి ఇల్లు ఎటని అడిగాడు. పెద్దవాళ్లెవరైనా నన్ను దారి అడగడం అదే మొదటిసారి. ఛాతీ ఉప్పొంగిపోయింది. ఆ వీధి గురించి నాకు తెలిసిందంతా చెప్పేశాను. ముందు మేడ వస్తుందనీ, దానికి రంగు వేసి ఏడాది కూడా కాలేదనీ, పక్కింటి కుక్క అరుస్తుందే గానీ కరవదనీ, ఎదురింటి ముసలాయన మధ్యాహ్నం నిద్ర చెడితే తిడతాడనీ. ఆయన పాపం ఓపిగ్గా విని వెళ్లాడు. అరగంట తర్వాత చెమటలు కక్కుతూ మళ్లీ నా ముందుకే వచ్చి ఆగాడు. "బాబూ, నువ్వు చెప్పినవన్నీ కనపడ్డాయి. కుక్క కూడా. ఇంతకీ ఎక్కడ తిరగాలి?"

మలుపు చెప్పలేదు నేను. రోజూ తిరిగే దారి కదా, అది చెప్పాల్సిన సంగతని తోచనే లేదు.

నీ పద్నాలుగు పేజీల్లోనూ మేడ ఉంది, కుక్క ఉంది. మలుపు లేదు.

అసలు ఆయన అడిగింది డాక్టరుగారి ఇల్లు. నిన్ను అడిగింది ఏమిటి? "నగరాల్లో వేడి తగ్గించడంలో చెట్ల పాత్రను చర్చించండి." ఆ చివరి మాట దగ్గర ఎప్పుడైనా ఆగావా? "వివరించండి" అంటే అదేమిటో, ఎలా జరుగుతుందో చెబితే చాలు. "పోల్చండి" అంటే చెరో రెండు పేజీలు రాసి పక్కపక్కన పెట్టడం కాదు, రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవడం. "చర్చించండి" అంటే ఇటూ అటూ ఏం చెప్పొచ్చో చూసి, నువ్వు ఎటున్నావో, ఎందుకున్నావో చెప్పాలి. నువ్వు చక్కగా వివరించావు. అడిగింది అది కాదు.

మూడో పేజీ తియ్యి. లండన్ నగరం చుట్టుపక్కల పల్లెల కంటే వెచ్చగా ఉంటుందనీ, ఆ తేడా రాత్రిళ్లే ఎక్కువనీ ల్యూక్ హోవార్డ్ అనే ఇంగ్లండ్ వాతావరణ పరిశీలకుడు 19వ శతాబ్దం మొదట్లోనే గమనించాడని రాశావు. ఎంత మంచి సంగతి పట్టావే! నాకైతే అక్కడ కుతూహలం పుట్టింది, పేజీ తిప్పాను. వెంటనే "చెట్లు మానవాళికి ప్రాణాధారం" అన్నావు. సైకిలాయన మళ్లీ వీధి మొదటికి వచ్చాడు!

ఆ రెండింటి మధ్య ఒక్క వాక్యం కావాలి. ఇలా అనుకో: "తేడా రాత్రిళ్లు ఎక్కువగా ఉందంటే, పగలంతా గోడలూ రోడ్లూ పీల్చుకున్న వేడి చీకటి పడ్డాక బయటికి వస్తోందన్నమాట, కాబట్టి చెట్టు చేసే పెద్ద మేలు, పగలు వాటి మీద ఎండ పడనివ్వకపోవడం." మలుపంటే ఇదే. హోవార్డ్ అక్కడ ఊరికే నిలబడకుండా నీకు పని చేసిపెడుతున్నాడు చూడు.

ఇంకోటి. ఎడమవైపు దారి దగ్గరలా కనిపిస్తుంది గానీ చివర గోడ అడ్డమని చెప్పేవాడి మీదే మనకు నమ్మకం కుదురుతుంది. ఇరుకు వీధిలో కొమ్మలు మరీ దట్టంగా అల్లుకుంటే రాత్రి వేడి పైకి పోనివ్వవు. ఇది నీకు తెలుసు, ఎందుకంటే పదకొండో పేజీ అడుగున చిన్నగా రాశావు. నీ వాదన దెబ్బతింటుందని భయపడ్డావా? దాన్ని ముందుకు తెచ్చి, "ఎన్ని చెట్లు అన్నది కాదు, ఎక్కడ నాటామన్నది ముఖ్యం" అని చూడు. నీ పేపర్ అక్కడ లేచి కూర్చుంటుంది.

రిఫరెన్సులంటే నీకు విసుగని తెలుసు. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అని టెన్షన్ పడతారు మీరు. మీరు వాడే ఎ.పి.ఎ. పద్ధతి, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లది, 1929లో ఒక పత్రికలో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. ఇప్పుడు లావుపాటి పుస్తకమై ఏడో కూర్పు దాకా వచ్చింది. చుక్కల సంగతి అలా ఉంచు. "ఆ మలుపులో రావిచెట్టు ఉందని మా అన్నయ్య చెప్పాడు" అనడమే రిఫరెన్సు. చెట్టు లేకపోతే ఎవరిని నిలదీయాలో దారి అడిగినాయనకు తెలుస్తుంది. అన్నయ్య మాటలో నాలుగు పదాలు మార్చి నేనే చూసొచ్చానంటే మాత్రం, అది అబద్ధమే తల్లీ. కంప్యూటర్ రాసిచ్చినదాన్ని నీదన్నా అంతే.

ఇంత దూరం లాక్కొచ్చాను గానీ, నా పోలిక ఒకచోట చెడుతుంది. డాక్టరుగారి ఇల్లు నాకు ముందే తెలుసు. రాసేవాళ్లకు చాలాసార్లు తెలియదు. రాస్తూ రాస్తూ పోతే చివరి పేజీలో ఇల్లు కనపడుతుంది. కనపడ్డాక మొదటి పేజీకి వెళ్లి దారి మళ్లీ చెప్పాలి. డార్విన్ తన పరిణామ సిద్ధాంతాన్ని 1842లో పెన్సిల్‌తో 35 పేజీల్లో రాసుకున్నాడు. 1844 నాటికి అది 230 పేజీలైంది. పుస్తకంగా బయటికొచ్చింది 1859లో. నువ్వేమో గడువుకు ముందురోజు రాత్రి మొదలుపెట్టి, ఒకే ఊపులో రాసి, తిరిగి చూడకుండా ఇచ్చేశావు. అవునా కాదా?

ఇప్పుడో పని చెయ్యి. నీ గదిలో నీ సబ్జెక్టు బొత్తిగా తెలియని అమ్మాయిని కూర్చోబెట్టి, ఆ మూడో పేజీ గట్టిగా చదువు. మధ్యలో ఆగి వివరించకు. చదువుతూనే ఆమె మొహం చూస్తూ ఉండు. ఎక్కడ కనుబొమ్మలు ముడిపడతాయో ఆ వాక్యం పక్కన పెన్సిల్ చుక్క పెట్టు. ఆ కాగితం దిద్దకుండా, చుక్కలతో సహా నాకు పంపు.

మీ తాతయ్య