విద్యార్థుల మనోవేదన: ముందు నడిచిన చికిత్స, వెనుకబడిన నివారణ

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జులైలో హాస్టల్‌లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని తండ్రి వేసిన అప్పీలుపై సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగకుండా, దేశంలోని విద్యాసంస్థలకు, శిక్షణ కేంద్రాలకు, హాస్టళ్లకు వర్తించే 15 మార్గదర్శకాలను కూడా జారీ చేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత కలిగిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని, మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడం మానుకోవాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని, తల్లిదండ్రులకు అవగాహన సదస్సులు జరపాలని అందులో ఉంది. వీటిలో పత్రికలూ ప్రభుత్వాలూ ఎక్కువగా పట్టుకున్నది కౌన్సెలర్ నియామకాన్ని. లెక్కపెట్టి చూపడానికి వీలైన అంశం అదే కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అయితే విద్యార్థి కుంగిపోయాక అతన్ని ఎవరి దగ్గరికి పంపాలన్న ప్రశ్న ఒకటి, అతను కుంగిపోయే స్థితి రాకుండా చుట్టూ ఉన్నవారు ఏం చేయాలన్న ప్రశ్న మరొకటి. మన దేశంలో మొదటి ప్రశ్నకు నలభై ఏళ్లకు పైగా విధానం ఉంది. రెండోదానికి సమాధానం చిన్న చిన్న ప్రయోగాలుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పెరిగింది.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక చాలు. ఆ ఏడాది దేశంలో నమోదైన 1,70,924 బలవన్మరణాల్లో 13,044 విద్యార్థులవి. ఇంత దూరం వెళ్లకుండా లోలోపల నలిగిపోయేవారి సంఖ్య ఏ రిజిస్టరుకూ ఎక్కదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల వారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని అంచనా వేసింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. ఇంటర్ విద్యార్థుల గురించి ఇంతగా మాట్లాడుకునే రెండు రాష్ట్రాలు ఆ లెక్కలో లేకపోవడం గమనించదగ్గ విషయం.

వెనక్కి వెళితే, మానసిక వైద్యమంటే ఆసుపత్రి గోడల లోపలి వ్యవహారంగానే స్వాతంత్ర్యం నాటికి దేశం చూస్తోంది. 1946లో భోర్ కమిటీ ఆరోగ్య వ్యవస్థను సమీక్షించినప్పుడు, సుమారు 40 కోట్ల జనాభాకు మానసిక వైద్యశాలల్లో ఉన్న పడకలు పదివేలకు అటూ ఇటూ మాత్రమే. ఆ గోడలను మొదట కాస్త వదులు చేసినవారిలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలకు చెందిన డాక్టర్ విద్యాసాగర్ ఒకరు. 1950లలో ఆయన రోగుల కుటుంబసభ్యులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. కుటుంబాన్ని సమస్యకు మూలంగానో అడ్డంకిగానో కాకుండా తోడుగా చూసిన ఆ పద్ధతి తర్వాతి కాలపు సామాజిక మానసిక వైద్యానికి పునాదుల్లో ఒకటైంది. 1975 ప్రాంతంలో హర్యానాలోని రాయ్‌పూర్ రాణి, బెంగళూరు సమీపంలోని సకలవార కేంద్రాల్లో ప్రాథమిక ఆరోగ్య సిబ్బందికే శిక్షణ ఇచ్చి పల్లెల్లో రోగులను గుర్తించవచ్చని చూపారు. ఆ అనుభవం మీదే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది, 1980ల మధ్యలో బళ్లారి జిల్లా దానికి నమూనా అయింది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలతో మొదలైనప్పుడు వాటిలో మన మెదక్ ఒకటి.

ఈ వరుసలో నిజమైన ప్రగతి ఉంది, దాన్ని తక్కువ చేయలేం. కానీ బళ్లారి నమూనా తీవ్రమైన మానసిక వ్యాధులనూ మూర్ఛనూ గుర్తించి, మందులు అందించి, రోగి మధ్యలో చికిత్స మానేయకుండా చూడడానికి రూపొందినది. పదిహేనేళ్ల పిల్లవాడి నిద్రలేమి, దిగులు, చదువు మీద భయం ఆ పరిధిలోకి రావు. జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం పద్నాలుగేళ్ల వయసులోపే మొదలవుతాయని 2000ల మధ్యలో అంతర్జాతీయ సర్వేలు తేల్చే నాటికి మన జిల్లా కార్యక్రమం ప్రధానంగా పెద్దల ఔట్‌పేషెంట్ విభాగంగానే నడుస్తోంది. పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో పాఠశాలల్లో జీవన నైపుణ్యాల బోధన, కళాశాలల్లో కౌన్సెలింగ్ వంటివి అందులో చేరినా, జిల్లాకు ఒక మానసిక వైద్యుడు దొరకడమే గగనమైన పరిస్థితిలో అవి చాలాచోట్ల కాగితం దాటలేదు.

సరిగ్గా ఇదే కాలంలో తెలుగు నేల మీద మరో మార్పు జరిగింది. మన ఆవాస విద్యకు మొదటి రూపం లాభం కోసం పుట్టలేదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల పేద పల్లె పిల్లలకు మంచి చదువు, ఆట, తోటివారి సాంగత్యం ఒకేచోట అందించాలన్న ఆలోచన. 1980లు, 90లలో ఎంసెట్ చుట్టూ పెరిగిన ప్రైవేటు ఆవాస జూనియర్ కళాశాలలు ఆ పైరూపాన్ని తీసుకుని లోపలి సారాన్ని వదిలేశాయి. ఆట స్థలం లేని అద్దె భవనాలు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, వారం వారం పరీక్ష, దాని మార్కులను బట్టి మారిపోయే సెక్షన్లు, నెలకో రెండు నెలలకో ఒక ఔటింగ్. పదో తరగతి దాటగానే పిల్లలు ఇంటికీ, వీధికీ, పాత స్నేహాలకూ, అమ్మమ్మ తాతయ్యలకూ దూరమయ్యేది కూడా ఇప్పుడే. మానసిక సమస్యలు తలెత్తడానికి అత్యంత అనువైన వయసులో, వాటిని ముందుగా పసిగట్టగల మనుషులందరి నుంచీ పిల్లవాడిని ఒకేసారి వేరుచేసే ఏర్పాటు ఇది. తల్లిదండ్రులు దీన్ని క్రూరత్వంతో చేయలేదు. అప్పుచేసి, పొలం అమ్మి, పిల్లల భవిష్యత్తు కోసమే చేశారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘బాగానే ఉన్నాను’ అని తప్ప మరో మాట చెప్పలేని స్థితికి పిల్లలను నెట్టింది కూడా ఆ త్యాగభారమే.

మరణాలు వార్తలైనప్పుడల్లా ప్రభుత్వం కమిటీ వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ ఇదే విషయాన్ని పరిశీలించాయి. మధ్యలో పదహారేళ్లు గడిచినా రెండో కమిటీ కూడా ఒత్తిడి, సెలవులు, హాస్టల్ పరిస్థితుల గురించే మాట్లాడవలసి వచ్చిందంటే మొదటిదాని సిఫారసులకు ఏ గతి పట్టిందో వేరే చెప్పనక్కరలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో భారీగా తప్పులు దొర్లాయి. మంచి విద్యార్థులకు సున్నా మార్కులు పడ్డాయి. కొద్దిరోజుల వ్యవధిలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తప్పిన వారందరి జవాబుపత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది, త్రిసభ్య కమిటీ సాంకేతిక లోపాలను తేల్చింది. ఏ బలవన్మరణానికీ ఒకే ఒక్క కారణం ఉండదని నిపుణులు చెప్పేది నిజమే. అయినా ఫలితాల రోజున ఆ పిల్లల పక్కన ఎవరున్నారన్నది ఏ కమిటీ పరిశీలనాంశాల్లోనూ ప్రధాన ప్రశ్న కాలేదు.

పొరుగు రాష్ట్రం దీన్ని మరోవైపు నుంచి చూసింది. చెన్నైలో 1986 నుంచి పనిచేస్తున్న స్నేహ అనే స్వచ్ఛంద సంస్థలో స్వచ్ఛంద సేవకులు ఫోన్‌లోనూ ముఖాముఖిగానూ బాధితుల మాట వింటారు. దాని వ్యవస్థాపకురాలు, మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ వంటివారు, తప్పిన విద్యార్థి ఏడాదంతా ఆగకుండా వెంటనే మళ్లీ రాసే అవకాశం ఇవ్వాలని వాదించారు. 2000ల తొలి సంవత్సరాల్లో తమిళనాడు ఆ ఏర్పాటు చేసింది. ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ జరగడం నేడు మనకూ మామూలే. దాన్ని మనం పరీక్షల నిర్వహణలో ఒక వెసులుబాటుగా చూస్తాం గానీ, నిజానికి అది మానసిక ఆరోగ్య చర్య. ఏ వైద్యుడి ప్రమేయమూ లేకుండా, ఒక సంవత్సరం పోయిందన్న భయాన్ని ఒక నెలకు కుదిస్తుంది.

వైద్యుడు లేకుండా ఎంత చేయవచ్చన్న ప్రశ్నకు గట్టి ఆధారాలు గోవాలో మొదలయ్యాయి. అక్కడి సంగత్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిపిన మానస్ అధ్యయనం 2010లో వెలువడింది. వైద్య పట్టా లేకపోయినా తగిన శిక్షణ, పైన పర్యవేక్షణ ఉన్న కౌన్సెలర్లు ప్రభుత్వ కేంద్రాలకు వచ్చే కుంగుబాటు, ఆందోళన బాధితులు కోలుకోవడానికి తోడ్పడగలరని అది చూపింది. అదే బృందం ఆ ఆలోచనను బీహార్‌లోని నలందా జిల్లా ఉన్నత పాఠశాలల్లోకి తీసుకెళ్లింది. సెహర్ పేరుతో జరిగిన ఆ అధ్యయనం 2018 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన చర్చకు కావలసిన కీలకం అందులో ఉంది. డెబ్బైకి పైగా ప్రభుత్వ పాఠశాలలను మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టులో బయటినుంచి నియమించి శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్, రెండో జట్టులో అదే బడి ఉపాధ్యాయుడు, అదే కార్యక్రమాన్ని నడిపారు. మూడో జట్టులో అప్పటికే అమల్లో ఉన్న కిశోర విద్య పాఠాలు మాత్రమే సాగాయి. కార్యక్రమమంటే ఒక గదిలో కూర్చుని బాధపడే పిల్లల కోసం ఎదురుచూడడం కాదు. ప్రార్థన సమావేశాల్లో చర్చలు, విద్యార్థులే నడిపే గోడపత్రిక, పేరు రాయకుండా ఫిర్యాదు వేసే పెట్టె, పిల్లల బృందాలు, వేధింపుల మీద బడి స్వయంగా రాసుకునే విధానం, వీటన్నిటి తర్వాత అవసరమైనవారికి విడిగా సలహా. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, కౌన్సెలర్ నడిపిన బడుల్లో వాతావరణం స్పష్టంగా మెరుగుపడింది. కుంగుబాటు, తోటివారి వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో మూడో జట్టుతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉపాధ్యాయులు మంచివారు కాదని దీనికి అర్థం కాదు. పాఠం, హాజరు, పరీక్ష, క్రమశిక్షణ చూసే మనిషికే మనసు విప్పి చెప్పమని పిల్లలను అడగడం వల్ల వచ్చిన ఫలితం అది, నాకు తోచినంతలో.

ఐరోపాలో పది దేశాల్లోని 168 పాఠశాలల్లో 11 వేలకు పైగా విద్యార్థులతో జరిగి 2015లో వెలువడిన అధ్యయనం ఇలాంటి దిశనే చూపింది. ప్రమాద లక్షణాలు గుర్తించేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, విద్యార్థులే పాత్రాభినయం ద్వారా, చర్చల ద్వారా ఒకరికొకరు తోడుండడం నేర్చుకున్న కార్యక్రమం ఏడాది తర్వాత ఆత్మహత్యా యత్నాలను దాదాపు సగానికి తగ్గించింది.

తెలుగు జిల్లాలు ఈ ప్రయోగాలకు పూర్తిగా బయట లేవు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మానసిక ఒత్తిడి లక్షణాలు అడిగి తెలుసుకున్నారు, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యుడి దగ్గరికి పంపారు. దానితోపాటు ‘పిచ్చి’ అన్న ముద్ర మీద ఊరంతా ప్రచారం నడిపారు. అది పెద్దల కోసం రూపొందినది. అదే సంస్థ తర్వాత 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం ఆర్టెమిస్ అధ్యయనాన్ని ఢిల్లీతో పాటు విజయవాడ మురికివాడల్లో చేపట్టింది. కార్పొరేట్ కళాశాలల రాజధానిగా పేరుపడ్డ నగరంలో, ఆ కళాశాలల గేటు బయట ఉండే పిల్లల కోసం సమాజ స్థాయి మానసిక ఆరోగ్య ప్రయత్నం జరిగిందని ఆ నగరంలోనే చాలామందికి తెలియదు. ఇంట్లో ఉండే పిల్లవాడి దగ్గరికి ఆశా కార్యకర్త వెళ్లగలదు. హాస్టల్‌లో ఉండే పిల్లవాడు ఏ ఆశా కార్యకర్త పరిధిలోకీ రాడు.

చట్టాలు, పథకాలు మాత్రం ఈలోగా వరుసగా వచ్చాయి. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మానసిక ఆరోగ్యాన్ని తన ఆరు అంశాల్లో ఒకటిగా చేర్చుకుని, ఊరి యువతలోనుంచే సహచర బోధకులను ఎంపిక చేసే పద్ధతి పెట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 29వ సెక్షన్ నివారణ కార్యక్రమాలు రూపొందించడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా నిర్ణయించింది. 2020లో బడికి ఇద్దరేసి ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించే పథకం వచ్చింది. 2022 అక్టోబరులో టెలిమానస్ అనే ప్రభుత్వ ఫోన్ సలహా సేవ మొదలై, 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడేవారు దొరికే ఏర్పాటు జరిగింది. అదే ఏడాది నవంబరులో ప్రకటించిన జాతీయ వ్యూహం 2030 నాటికి బలవన్మరణాలను పది శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. వీటిలో ఫోన్ సేవ బాధ కలిగాక చేరుకునేది. సహచర బోధకులది ఊళ్లో పని. రాయబారుల పథకం ఉపాధ్యాయుల మీద ఆధారపడింది.

2025 మార్గదర్శకాలను ఈ చరిత్ర పక్కన పెట్టి చదివితే, కౌన్సెలర్ నియామకం కన్నా మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయవద్దన్న వాక్యమే నివారణకు దగ్గరగా కనిపిస్తుంది. సెక్షన్ మారినప్పుడు పిల్లవాడు పోగొట్టుకునేది పరువు ఒక్కటే కాదు. రాత్రి పక్క మంచం మీద నుంచి ‘ఏంట్రా, తినలేదా’ అని అడిగే స్నేహితుణ్ణి కూడా పోగొట్టుకుంటాడు. కళాశాలలు మాత్రం ఈ వాక్యాన్ని అమలు చేయడానికి అన్నిటికంటే ఎక్కువగా వెనుకాడతాయి, ఎందుకంటే వాటి వ్యాపారం ర్యాంకుల ప్రకటన మీద, ఆ ర్యాంకులు వచ్చే ప్రత్యేక సెక్షన్ల మీద నిలబడి ఉంది. కౌన్సెలర్‌ను నియమించి తనిఖీకి వచ్చినవారికి బోర్డు చూపడం తేలిక. ఆ కౌన్సెలర్ జీతం యాజమాన్యమే ఇస్తున్నప్పుడు, విద్యార్థి చెప్పిన మాట ప్రిన్సిపాల్ గదికి చేరదన్న నమ్మకం ఎలా కలుగుతుందో మార్గదర్శకాలు విడమరచలేదు. నలందాలో కౌన్సెలర్‌కు బడి అధికార వరుసలో స్థానం లేదు, మార్కులతో సంబంధం లేదు. మన ఆవాస కళాశాలల్లో విద్యార్థికి రోజంతా కనిపించే పెద్దలు వార్డెన్, ఇన్‌చార్జి, లెక్చరర్ ముగ్గురే, వారి ఉద్యోగం ముగ్గురికీ ఫలితాల మీదే ఆధారపడి ఉంటుంది. జిల్లా స్థాయి పర్యవేక్షక కమిటీలు ఏర్పాటైనప్పుడు, తల్లిదండ్రులకూ పూర్వ విద్యార్థులకూ ఆ హాస్టళ్లలోకి క్రమం తప్పకుండా వచ్చిపోయే హక్కు ఇస్తారా లేదా అన్నది రెండు రాష్ట్రాలూ ఇంకా తేల్చవలసిన విషయం.