ఇంట్లో పిల్లి ముసలిదైతే: చివరి రోజుల గురించి అపోహలు, వాస్తవాలు

కర్నూలులో నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో పిల్లిని డాక్టర్ దగ్గరికి తెచ్చేవాళ్లు చాలా తక్కువ. కుక్కలు వచ్చేవి, మేకలు వచ్చేవి. పిల్లికి జబ్బు చేస్తే 'దానికేం, అదే గడ్డి తిని బాగుచేసుకుంటుంది' అనుకునేవాళ్లు. ఇప్పుడు పాతబస్తీ నుంచి, సి క్యాంపు నుంచి, నంద్యాల చెక్‌పోస్టు వైపు నుంచి కూరగాయల బుట్టలో, స్కూలు బ్యాగులో, తువ్వాల్లో చుట్టి తెస్తున్నారు. వాటిలో 12, 14, 16 ఏళ్ల పిల్లులుంటాయి. అంటే ఆ ఇంట్లో బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసేదాకా ఆ పిల్లి ఇంట్లో ఉందన్నమాట.

అలాంటి పిల్లిని ఇంటివాళ్లు చివరిసారి తెచ్చిన రోజు నేను వినే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటల్ని నమ్మి ఆగినందుకు పిల్లి పడరాని బాధ పడి ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముసలిదైంది కాబట్టి చిక్కిపోతోంది, ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ముసలితనం జబ్బు కాదు. పిల్లికి మొదటి రెండేళ్లను మనిషి లెక్కలో 24 ఏళ్లుగా, ఆపైన ప్రతి ఏడాదిని 4 ఏళ్లుగా లెక్కేస్తాం. 15 ఏళ్ల పిల్లి 76 ఏళ్ల మనిషితో సమానం. 76 ఏళ్ల మనిషి ఉన్నట్టుండి సగానికి చిక్కిపోతే ఊరుకోం కదా. ముసలి పిల్లి చిక్కడానికి సాధారణంగా కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావడం, షుగర్, పుచ్చిన పళ్లు కారణం అవుతాయి. కిడ్నీలైతే మరీ మోసం చేస్తాయి. దాదాపు ముప్పావు వంతు పని ఆగిపోయేదాకా రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెద్దగా పెరగదు. అంతకంటే ముందే ఇంట్లో తెలిసే గుర్తు ఒకటుంది. నీళ్ల గిన్నె తొందరగా ఖాళీ అవుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది. ఎండాకాలం కదా, తాగుతోందిలే అనుకుంటారు.

ఇంకొకటి. నిన్నటిదాకా బాగున్న పిల్లి పొద్దున లేచేసరికి గోడకు గుద్దుకుంటుంటే అది ముసలి చూపు అనుకోవద్దు. బీపీ పెరిగి కంటి వెనక పొర ఊడిపోయి ఉండొచ్చు. ఆ రోజే తెస్తే కొన్నిసార్లు చూపు కొంత దక్కుతుంది.

పదేళ్లు దాటిన పిల్లికి ఆర్నెల్లకోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. 'ఇంక పంపించేద్దాం మేడమ్' అని ఏడుస్తూ తెచ్చిన పిల్లికి రెండు పళ్లు పీకితే వారంలో చేప ముక్క కోసం వంటింట్లో కొట్లాడిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి. వీడ్కోలుకు ముందు జబ్బు పేరేంటో తెలియాలి.

అపోహ: అరవడం లేదు, గురగురమంటోంది. నొప్పి ఉంటే అలా అంటుందా?

వాస్తవం: అంటుంది. బాగా నొప్పిలో ఉన్న పిల్లి, చివరి గంటల్లో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది. సంతోషానికే కాదు, భయానికి, నొప్పికి కూడా తనను తాను ఊరడించుకోవడానికి అలా చేస్తుందని మా అనుభవం. నొప్పిని దాచుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చిన విద్య. చిన్న వేటగత్తె అది, తనకంటే పెద్ద జంతువుకు ఆహారం కూడా అదే. కుంటితే ప్రాణం పోతుందని దాని ఒంటికి తెలుసు.

మరి ఎలా తెలుసుకోవాలి? చప్పుడు కోసం చూడొద్దు, అలవాట్లు చూడండి. పాతబస్తీలో ఒక అవ్వ దగ్గర బంతి అని పసుపు రంగు పిల్లి ఉండేది. 16 ఏళ్లు. 'ఏం లేదమ్మా, బాగానే ఉండాది, యాడన్నా పడుకుంటాది' అంది అవ్వ. బంతిని బల్ల మీద పెట్టి వీపు నిమిరితే నడుము దగ్గర వెంట్రుకలు ఉండలు కట్టి అట్టలా ఉన్నాయి. నడుం తిప్పి నాక్కోలేకపోతోందన్నమాట. ముందుకాలు పట్టుకుని చూస్తే ఒక గోరు గుండ్రంగా తిరిగి మెత్తటి అరికాల్లోకి దిగిపోయి ఉంది. నేల మీద గోళ్లు గీక్కునే ఓపిక పోయి చాలా నెలలైంది. 'గోడ మీదికి ఎక్కుతోందా అవ్వా?' అని అడిగితే అప్పుడు చెప్పింది. ముందు ఒక్క దూకులో ఎక్కేదంట. తర్వాత కుర్చీ మీదికి, అక్కడి నుంచి కిటికీ మీదికి, అక్కడి నుంచి గోడ మీదికి. ఈ మధ్య వాకిట్లో కడప బండ మీద చల్లగా ఉన్నచోటే పొద్దంతా పడుకుంటోందంట. అవ్వ అది ఎండకు అనుకుంది. కీళ్లు అరిగిపోయాయి.

ముఖం కూడా చెబుతుంది. 2019లో కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ పరిశోధకులు పిల్లి ముఖం చూసి నొప్పిని పట్టే పద్ధతి ఒకటి ప్రచురించారు. చూడాల్సినవి ఐదు: చెవులు పక్కలకు వాలడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు వంపు పోయి తిన్నగా, బిర్రుగా మారడం, తల భుజాల కంటే కిందికి దిగడం. మీ పిల్లి బాగున్నప్పుడే ముఖం దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తేడా మీకే కనిపిస్తుంది.

నొప్పి అని తెలిశాక మాత్రం ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి. దయచేసి వేయకండి. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనం జ్వరానికి వేసుకునే ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. ప్రేమగా పొడి చేసి పాలల్లో కలిపి పట్టించిన వాళ్లను చూశాను. ఆ ఇంటివాళ్లను ఓదార్చడం నాకు ఎప్పటికీ చేతకాలేదు. పిల్లులకు సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడాలి.

అపోహ: టైమొస్తే దానంతట అదే నిద్రలో పోతుంది. మనం చెయ్యి పెట్టకూడదు.

నేను ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే.

వాస్తవం: నిద్రలో హాయిగా పోయే ముసలి పిల్లులు ఉంటాయి, కానీ తక్కువ. కిడ్నీలు పూర్తిగా పోయిన పిల్లికి రక్తంలో విషాలు పేరుకుంటాయి. రోజంతా వాంతి వచ్చినట్టుంటుంది, తిండి వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. నోట్లో పుళ్లు పడతాయి, ఊపిరి ఘాటుగా వాసన వస్తుంది. చర్మం పట్టి లాగితే గుడారంలా అలాగే నిలబడుతుంది. ఒళ్లు చల్లబడుతుంది. కొన్నింటికి ఫిట్స్ వస్తాయి. ఇదంతా ఒక్క రాత్రిలో అయిపోదు, రోజుల తరబడి సాగుతుంది. మనం పక్కన కూర్చుని 'ప్రశాంతంగా పడుకుంది' అనుకుంటాం.

మా ఇంట్లో మల్లి అని తెల్ల పిల్లి ఉండేది. 17 ఏళ్లు నాతో ఉంది, చదువుకునే రోజుల్లో నా పుస్తకాల మీద పడుకుంది. దానికి కిడ్నీలు పోయాయని రిపోర్టు నా చేతిలోనే ఉంది. వేరేవాళ్ల పిల్లి అయితే ఆ రోజే వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలుసు. మల్లికి మాత్రం తొమ్మిది రోజులు సెలైన్ మీద సెలైన్ పెట్టాను. చివరి రెండు రోజులు నేను గదిలోకి వస్తే మంచం కిందికి పాక్కుంటూ పోయింది. 17 ఏళ్లు నా అడుగుల చప్పుడుకు పరిగెత్తుకొచ్చిన పిల్లి, నా చేతిలో సూది చూసి తల తిప్పుకుంది. నేను వదల్లేకపోయాను, అంతే. ఆ తొమ్మిది రోజులు మల్లికి అవసరం లేదు.

అందుకే ఇప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్లతో ఒక పని చేయిస్తాను. గోడకు వేలాడే క్యాలెండర్ తీసుకోమంటాను. మీ పిల్లికి బాగా ఇష్టమైన మూడు పనులు రాయండి. బంతికైతే చేప ముక్క, వాకిట్లో ఎండపొడ, రాత్రి అవ్వ కాళ్ల దగ్గర పడుకోవడం. రోజూ రాత్రి పడుకునేముందు, ఆ రోజు వాటిలో రెండైనా చేసిందా అని చూసి, చేస్తే తేదీ చుట్టూ సున్నా చుట్టండి, లేకపోతే కొట్టేయండి. కొట్టేసిన రోజులు సున్నా చుట్టిన రోజులను దాటితే అప్పుడు నాకు ఫోన్ చేయండి. మనసు రోజుకో మాట చెబుతుంది కానీ క్యాలెండర్ అబద్ధం చెప్పదు.

దీనికంటే వివరమైన లెక్క కావాలంటే, అమెరికన్ వెటర్నరీ డాక్టర్ ఆలిస్ విల్లాలోబోస్ రూపొందించిన కొలత ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది, ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. పది అంటే బాగుందని, నొప్పికి పది వేస్తే నొప్పి లేదని అర్థం. మొత్తం 35 దాటితే సేవ కొనసాగించడం సబబేనని ఆమె లెక్క. భార్యాభర్తలు విడివిడిగా వేయండి. ఎక్కువ తేడా వస్తే కూర్చుని మాట్లాడుకోండి.

అపోహ: పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానం చేసినా పాపం పోదు.

ఈ మాట నన్ను చాలామంది అడిగారు, తలుపు దగ్గర ఆగి నెమ్మదిగా అడుగుతారు. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. ఊళ్లలో కర్ర దెబ్బల నుంచి, విషం నుంచి ఎన్ని పిల్లులను ఆ నమ్మకం కాపాడిందో. కానీ అది పిల్లికి కీడు చేయొద్దని చెప్పిన మాట. కోలుకోలేని బాధలో ఉన్న ప్రాణికి బాధ తగ్గించడం వేరు.

చట్టం సంగతి కూడా అడుగుతారు. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం తప్పుపట్టేది అనవసరంగా హింసించడాన్ని. స్ట్రిక్నిన్ ఇంజెక్షన్‌తో చంపడాన్ని పేరు పెట్టి మరీ నేరమంది. కోలుకునే ఆశ లేని జంతువుకు డాక్టర్ చేతుల మీదుగా నొప్పి లేని ముగింపు ఇవ్వడం నేరం కాదు. మీ సంతకంతో ఒప్పుకోలు పత్రం తీసుకుంటాం.

అయినా మనసు ఒప్పని వాళ్లుంటారు. మీ ఇంటి పెద్దలను అడగండి, గుడిలోనో మసీదులోనో అడగండి, నేను తొందరపెట్టను. వద్దనుకుంటే నొప్పి మందు, వాంతి తగ్గించే మందు, చర్మం కింద సెలైన్‌తో చివరిదాకా సుఖంగా ఉంచే ప్రయత్నం చేద్దాం. ఏ మందూ లేకుండా మూలన వదిలేయడం మాత్రం వద్దు.

అపోహ: ఇంజెక్షన్ వేస్తే గిలగిలా కొట్టుకుంటుంది.

వాస్తవం: ముందు మత్తు ఇంజెక్షన్ వేస్తాం. ఐదు పది నిమిషాల్లో పిల్లి గాఢ నిద్రలోకి పోతుంది. కొన్నింటికి ఆ మత్తుకు ఒకసారి వాంతి అవుతుంది, కంగారు పడొద్దు. నిద్రపోయాక ముందుకాలి నరంలోకి మత్తు మందే ఎక్కువ మోతాదులో ఎక్కిస్తాం. ముందు మెదడు పనిచేయడం ఆగుతుంది, తర్వాత ఊపిరి, తర్వాత గుండె. స్టెతస్కోపు పెట్టి కొన్ని నిమిషాలు వింటాను, ఆ తర్వాతే 'అయిపోయిందమ్మా' అంటాను. కళ్లు తెరిచే ఉంటాయి. మూత్రం పోవచ్చు. ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు ఛాతీ కదలొచ్చు, అప్పటికి దానికేం తెలియదు.

పుస్తకాల్లో దీన్ని కారుణ్య మరణం అంటారు. బంతి అవ్వ మాత్రం 'నొప్పి లేకుండా పంపియ్యమ్మా' అంది. నాకు ఆ మాటే నచ్చింది. అప్పటికి బంతికి కిడ్నీలు కూడా పాడయ్యాయి. ఆ రోజు పొద్దున కిడ్నీ డైట్ పక్కన పెట్టేసి ఇష్టమైంది పెట్టమన్నాను. చేప పులుసులో ముక్క ఒకటి కడిగి తెచ్చింది. రెండు సార్లు నాకింది, చాలు. మీకు వీలైతే పక్కన ఉండండి, చెయ్యి దాని మీద పెట్టండి. ఉండలేకపోతే అదీ తప్పు కాదు, నేనుంటాను.

అపోహ: చావు దగ్గర పడితే పిల్లి ఇల్లు వదిలి వెళ్లిపోతుంది.

నీరసంగా ఉన్న జంతువు భద్రంగా ఉండే మూల వెతుక్కుంటుంది, అంతే. బయటికి పోతే కుక్కల నోట పడుతుంది. తలుపు వేసి ఉంచండి, మంచం కిందే దుప్పటి పరవండి.

అపోహ: పిల్లలకు చెప్పొద్దు, ఊరికి పోయిందని చెబుదాం.

పిల్లలు రోజూ గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తారు. 'నిద్రపుచ్చాం' అని కూడా అనకండి, చిన్నవాళ్లు తమ నిద్రకే భయపడతారు. 'చనిపోయింది, ఇక రాదు' అని మామూలు మాటల్లో చెప్పి, వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి.

అపోహ: కాలువలో వదిలేస్తే పుణ్యం.

తుంగభద్ర, హంద్రీ, కేసీ కాలువ, ఏదీ దీనికి చోటు కాదు. ఆ నీళ్లు మనుషులు, పశువులు తాగుతారు. శరీరంలో మత్తు మందు మిగిలి ఉంటుంది కాబట్టి ఏ కుక్కో, కాకో తింటే దాని ప్రాణానికే ప్రమాదం. మూడు నాలుగడుగుల లోతు గుంత తీసి, నూలు గుడ్డలో చుట్టి పూడ్చండి, పైన రాళ్లు పెట్టండి. మే నెల ఎండలో కొన్ని గంటల్లోనే వాసన మొదలవుతుంది. గుంత ముందురోజే తీయించి ఉంచుకుంటే ఆ సమయంలో పరుగులుండవు.

అపోహ: వెంటనే ఇంకో పిల్లి పిల్లను తెచ్చుకుంటే బాధ పోతుంది.

కొందరికి సరే, కొందరికి ఆ కొత్త పిల్ల మీద చికాకు వస్తుంది. దాని తప్పేం ఉంది పాపం. ఇంట్లో రెండో పిల్లి ఉంటే దాన్ని చూసుకోండి. కొన్ని వారాలు మూలమూలా వెతుకుతూ రాత్రుళ్లు అరవొచ్చు. రెండు రోజులు ఏమీ తినకపోతే ఆగకుండా తీసుకురండి, పస్తున్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు మొదలవుతుంది. మిగిలిన సెలైన్ సీసాలు, సీల్ తీయని డైట్ ప్యాకెట్లు మీ డాక్టర్ దగ్గర ఇవ్వండి. బంతి అవ్వ పది రోజుల తర్వాత ఒక సంచి నిండా తెచ్చిచ్చింది. అందులో దువ్వెన కూడా ఉంది, బంతి వెంట్రుకలు ఇంకా దానికే ఉన్నాయి. ఆ దువ్వెన ఒక్కటి తిరిగి ఆమె చేతిలో పెట్టాను.