న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే తలకి కరెంట్ పెట్టడం కాదండీ: స్ట్రెస్ గురించి నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మెదడు అలల్ని సెన్సర్లతో చదివి, స్క్రీన్ మీద చూపించి, వాటిని మార్చుకోవడం నేర్పే పద్ధతినే న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు, నేను చేసే పని అదే. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా క్లినిక్‌కి గాజువాక నుంచి ఒకాయన వచ్చారు, ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఆయన కంటే ముందు వాళ్ళావిడ లోపలికొచ్చి మెల్లగా అడిగారు, "మేడం, బుర్రకి కరెంట్ పెడతారంట కదా, మా ఆయనకి ఏటీ అవదు కదండీ" అని. రెండు నెలల నుంచి మనిషికి నిద్ర లేదు, అయినా ఈ భయంతోనే ఎక్కడికీ తీసుకెళ్ళలేదంట. చాలా బాధేసింది. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: మనసు గట్టిగా లేనోళ్ళకే టెన్షన్ వస్తుంది

ఇది నేను అస్సలు ఒప్పుకోను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాన్ కొట్టినప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్ళని అడగండి, ఇప్పటికీ రాత్రి గాలి కిటికీ సందుల్లోంచి ఈల వేస్తే లేచి కూర్చునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళేం పిరికోళ్ళు కాదు. మెదడు లోపల అమిగ్డలా అని బాదం గింజ ఆకారంలో చిన్న భాగం ఉంటుంది, ప్రమాదంతో ముడిపడిన శబ్దాన్ని అది మర్చిపోదు, మళ్ళీ అలాంటిది వినపడగానే మనం ఆలోచించేలోపే మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కి కబురు పంపేస్తుంది, అక్కడి నుంచి నరాల మీదుగా కిడ్నీల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకి చేరి సెకన్లలో రక్తంలోకి అడ్రినలిన్ వచ్చేస్తుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం, అన్నీ దాని పనే. దాని వెనకాలే కాస్త నిదానంగా, నిమిషాల లెక్కలో, పిట్యూటరీ గ్రంథి మీదుగా ఇంకో కబురు వెళ్ళి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ వస్తుంది. గండం గడిచాక ఆ కార్టిసాలే తిరిగి మెదడుకి చేరి, ఇక చాలు ఆపు అని చెప్తుంది.

చిక్కంతా గండం గడవనప్పుడే. ఇంటి లోను, పిల్లాడి ఇంటర్ మార్కులు, నైట్ షిఫ్టులు, ఇవి తుఫాన్ లాగ ఒక్క రోజులో తీరం దాటిపోయేవి కాదు కదా. నెలల తరబడి అలా నడిస్తే ఆ ఆపే ఏర్పాటు మొద్దుబారిపోతుంది, నుదుటి వెనక ఉండి కాస్త ఆగి ఆలోచించమనే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలిపోతుంది. పొద్దున్న పిల్లల మీద గట్టిగా అరిచేసి సాయంత్రం దాకా కుమిలిపోయే తల్లుల్ని నేను రోజూ చూస్తాను, దయచేసి వాళ్ళని చెడ్డ తల్లులనకండి.

అపోహ: కార్టిసాల్ టెస్ట్ చేయిస్తే స్ట్రెస్ ఎంతుందో తెలిసిపోతుంది

ల్యాబ్ రిపోర్ట్ పట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. కార్టిసాల్ మామూలుగానే పొద్దున్న ఎక్కువ, రాత్రికి తక్కువ, నైట్ డ్యూటీలు చేసేవాళ్ళకి ఆ లెక్క కూడా తారుమారవుతుంది, కాబట్టి ఒక్క శాంపిల్‌తో తేలేది కాదు. ఆ టెస్ట్ అసలు అడ్రినల్ జబ్బులు పట్టుకోడానికి. అలాగే చేతులు వణికితే నరాల బలహీనత అనుకుని బలం ఇంజెక్షన్లు వేయించుకుంటారు, అంతకంటే ముందు థైరాయిడ్ చూపించుకోండి.

అపోహ: న్యూరోఫీడ్‌బ్యాక్‌లో తలలోకి కరెంట్ పంపుతారు

లోపలికి ఏదీ వెళ్ళదు. తల మీద జిగురు పేస్ట్‌తో పెట్టే సెన్సర్లు మెదడు నుంచి వచ్చే సిగ్నల్‌ని చదువుతాయి, అంతే. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు అలల్ని రికార్డ్ చేశారు, ఈఈజీ అంటే ఇప్పటికీ అదే పని. ఆ సిగ్నల్ ఎంత చిన్నదంటే పదుల మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది, టీవీ రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్ ఒక్కటి 15 లక్షల మైక్రోవోల్టులు. మీ ముందు స్క్రీన్ మీద ఒక వీడియో ఆడుతుంది, మనం అనుకున్న రకం అలలు పెరిగితే బొమ్మ వెలుగ్గా కనిపిస్తుంది, తగ్గితే మసకేస్తుంది, అది చూసుకుంటూ మెదడు మెల్లగా నేర్చుకోవాలన్నది ఆలోచన. తలకి కరెంట్ ఇచ్చే షాక్ ట్రీట్‌మెంట్ పూర్తిగా వేరే సంగతి, అది సైకియాట్రిస్ట్ చేసేది, మత్తు ఇవ్వకుండా చెయ్యకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్తోంది. వాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే మన దగ్గర ఒణికిపోతారు, ఆ భయమే దీనికీ అంటుకుంది.

అపోహ: రంగుల బ్రెయిన్ మ్యాప్‌లో ఎర్రగా ఉన్నచోట జబ్బు ఉన్నట్టు

కాదు. ఆ మ్యాప్ అంటే ఈఈజీ అలల నుంచి కంప్యూటర్ గీసే బొమ్మ, అంతే. మీరు పళ్ళు బిగబట్టి కూర్చుంటే దవడ కండరాల సిగ్నల్ వచ్చి బీటా అనే వేగమైన అలల్లో కలిసిపోతుంది, రెప్పలు ఎక్కువ కొడితే ముందు భాగంలో నిదానమైన అలలు ఎక్కువున్నట్టు కనపడుతుంది. తలకి కొబ్బరి నూనె పట్టించుకుని వస్తే సెన్సర్ సరిగ్గా అంటదు, రికార్డింగే పాడవుతుంది, అందుకే తలస్నానం చేసి నూనె రాయకుండా రమ్మని ఫోన్‌లోనే చెప్తాం. ఆ మ్యాప్ ఒక్కటే చూసి మీ బాబుకి ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం) అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి.

అపోహ: నలభై సెషన్లు చేస్తే అన్నీ తగ్గిపోతాయి

ఇక్కడ నా సొంత పని గురించి నేనే నిజం చెప్పాలి. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో బ్యారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో ఆశ మొదలైంది, 12 నుంచి 15 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్నిసార్లు వచ్చే) అలల్ని పెంచడం నేర్చుకున్న పిల్లులు రాకెట్ ఇంధనం వల్ల వచ్చే ఫిట్స్‌ని మిగతా వాటికంటే ఎక్కువసేపు తట్టుకున్నాయి. అక్కడి నుంచి ఫిట్స్ ఉన్న మనుషులకీ, తర్వాత ఏడీహెచ్‌డీ పిల్లలకీ వచ్చింది. కానీ 2021లో వచ్చిన ఒక పెద్ద అమెరికా ట్రయల్‌లో 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 140 మందికి పైగా తీసుకుని కొంతమందికి అసలుది, కొంతమందికి ఉత్తుత్తి ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు, ఎవరికి ఏదో ఇంట్లోవాళ్ళకి కూడా తెలీదు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నిద్రలేమి మీద 2017లో వచ్చిన స్టడీలోనూ దాదాపు ఇదే కథ.

మొదటిసారి చదివినప్పుడు నాకు రెండ్రోజులు ఏం తోచలేదు. తర్వాత నా పద్ధతే మార్చుకున్నా. పిల్లాడు వారానికి రెండుసార్లు టైంకి రావడం, ఫోన్ లేకుండా అరగంట కూర్చోవడం, ఒక పెద్ద మనిషి వాడి వైపే చూస్తూ శభాష్ అనడం, వీటి బలం ఎంతో ఉంది, దాన్ని మెషీన్ ఖాతాలో వెయ్యకూడదు. ఇప్పుడు నిద్ర, మందులు, కౌన్సెలింగ్ ఇవన్నీ చూశాకే, ఇంట్లోవాళ్ళకి ఇదంతా చెప్పాకే సెషన్లు మొదలుపెడతాను. మందులు ఆపేసి దీనికి రండి అనే మాట ఎవరి నోట విన్నా వెంటనే లేచి వచ్చేయండి, ముఖ్యంగా ఫిట్స్ మందులు ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపకండి.

గాజువాక ఆయనకి చివరికి నేను సెన్సర్లే పెట్టలేదు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చాక గదిలో నల్ల కర్టెన్ కట్టుకోవడం, డ్యూటీ రెండో సగంలో టీ మానేయడం, పడుకునే ముందు నిమిషానికి ఆరు చొప్పున నిదానంగా ఊపిరి తీసి వదలడం, వీటితో మూడో వారానికి ఐదు గంటలు పడుకున్నారు.

సెషన్లు చేయించుకోవాలనే అనుకుంటే మాత్రం ఒకేసారి ప్యాకేజీ డబ్బులు కట్టకండి, ఒక తల్లి గొలుసు తాకట్టు పెట్టి నలభై సెషన్లకి ముందే కట్టి మధ్యలో మానేస్తే రూపాయి వెనక్కి రాలేదు. చూసేవాళ్ళు క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఐదారు సెషన్లకే కట్టండి, మొదటి రోజే నిద్ర గంటలు, కోపం వచ్చినసార్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, పదో సెషన్‌కి అందులో ఏం మారలేదంటే ఆపేయండి. అసలు ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.