పేనుబంక, అక్షింతల పురుగు, కొన్ని చింతగింజలు

వేరుశనగకు పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగు) తగిలితే ఏం చేయాలో అనంతపురం జిల్లా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మందు కొట్టాలని ఇంట్లో వింటూనే పెరుగుతారు. అదే పిల్లలను బడిలో ఆహారపు గొలుసు గీయమంటే గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అంటూ చకచకా బాణాలు వేసేస్తారు. మార్కులూ వస్తాయి. కానీ ఆ బొమ్మకూ తమ చేనుకూ సంబంధం ఉందని చాలామందికి తట్టదు. బాణం ఏది దేన్ని తింటుందో చెబుతుంది, అంతే. ఎన్ని తింటుంది, ఎన్ని మిగులుతాయి, మిగిలినవి ఎంత త్వరగా పెరుగుతాయి అనేది చెప్పదు. అసలు కథంతా అక్కడే ఉంది.

అది పట్టుబడాలంటే సిమ్యులేషన్, అంటే చేనులో జరిగేదాన్ని కొన్ని నియమాలతో ఆటగా ఆడించి చూడటం, చేయించాలి. కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు.

నేల మీద సుద్దముక్కతో మూరెడు చదరం గీయండి. అది చేను. అందులో చల్లిన 40 చింతగింజలు పేనుబంక. పాత నోట్‌బుక్ అట్టను అరచేయంత ముక్కలుగా కత్తిరిస్తే అవి పేనుబంకను తినే అక్షింతల పురుగులు. రెండింటితో మొదలుపెట్టాలి. ఒక్కో ముక్కను చదరంలోకి ఒకసారి విసరాలి. దాని కిందికి వచ్చిన గింజలను తిన్నట్టు లెక్కగట్టి తీసేయాలి. మూడు గింజలైనా దొరక్కపోతే ఆ పురుగు ఆకలితో చచ్చినట్టు. ఆరు దొరికితే ఇంకో ముక్క చేరుతుంది. విడత ముగిశాక మిగిలిన గింజలను రెట్టింపు చేయాలి. ముక్కలన్నీ పోతే పక్క చేను నుంచి ఒకటి వచ్చిందనుకోవాలి. లెక్కలు బోర్డు మీద గ్రాఫ్‌గా వేయిస్తే గింజల గీత ముందు లేస్తుంది, అట్టముక్కల గీత కాస్త ఆలస్యంగా దాని వెనకే లేస్తుంది.

రెండూ బాగా పెరిగాక ఆట ఆపి, మందు కొడితే ఏమవుతుందో ముందే పుస్తకంలో రాయమనాలి. ఇది మాత్రం వదలకూడదు. "పురుగు తగ్గుతాది సార్" అనే రాస్తారు. అప్పుడు గింజల్లో సగం, అట్టముక్కల్లో సగం తీసేయండి. మందుకు మంచి పురుగు, చెడ్డ పురుగు అని తేడా తెలియదు కదా! గింజలు పలచబడటంతో మిగిలిన ముక్కలకూ తిండి చాలక కొన్ని పోతాయి. గింజలేమో రెట్టింపవుతూనే ఉంటాయి. మామూలుగా రెండు మూడు విడతల్లోనే మందు కొట్టని ఆటలో కంటే ఎక్కువైపోతాయి. చేనులోనూ అంతే. పేనుబంక మగతో పని లేకుండానే పిల్లల్ని పెడుతుంది. అక్షింతల పురుగు గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఈ లెక్కను 1926లో ఇటలీ గణిత శాస్త్రవేత్త వీటో వోల్టెరా తేల్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గింది. ఆ తీరంలోని ఫియూమె రేవులో పడిన చేపల్లో సొరలవంటి వేటచేపల వాటా 1914లో సుమారు 12 శాతం ఉంటే 1918లో 36 శాతం అయింది. ఎందుకని ఆయన్ను అడిగింది అల్లుడు, జీవశాస్త్రవేత్త అంబర్టో డాంకోనా. తినేదాన్నీ తినబడేదాన్నీ కలిపి చంపితే, సగటున తినబడేదే పెరుగుతుందని సమీకరణాలు చూపించాయి. వల ఆగినప్పుడు సొర లాభపడింది. మందు కొట్టినప్పుడు పేనుబంక లాభపడుతుంది. సమీకరణాలు రాని ఎనిమిదో తరగతి పిల్లలు చింతగింజలతో దీన్ని పట్టుకోగలరు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

ఐఎఫ్‌పీ ప్యానెల్ (బోర్డులా వాడే పెద్ద డిజిటల్ తెర) ఉన్న బడుల్లో నెట్‌లోగో కూడా చూపించొచ్చు. ఇలాంటి సిమ్యులేషన్లు కంప్యూటర్‌లో చేయడానికి యూరీ విలెన్‌స్కీ 1999లో తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులోని ఒక నమూనాలో తోడేళ్లు, గొర్రెలు మాత్రమే ఉంటే ఏదో ఒకటి నిలబడదు. గడ్డిని కూడా లెక్కలోకి తెస్తే చాలావరకు మూడూ నిలదొక్కుకుంటాయి. అయినా మొదట చేత్తో ఆడించడమే మేలని నా అభిప్రాయం. నియమాలు కళ్ల ముందే ఉంటే పిల్లలు వాటిని ప్రశ్నిస్తారు.

రాయలసీమ పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ఇందులో వాన ఏది సార్? నిజమే, బెట్ట పడితే పేనుబంక విజృంభిస్తుంది, పెద్ద వాన కొడితే కొట్టుకుపోతుంది. ఆ నియమాన్ని వాళ్లనే రాయనివ్వండి. బెట్ట, జల్లు, పెద్ద వాన అని చీటీలు రాసి విడతకొకటి తీయిస్తే చాలు. వానకు ఎన్ని గింజలు తీసేయాలి, సగమా, ఇంకా ఎక్కువా? దానికి జవాబు గదిలో దొరకదు. ఖరీఫ్ వేరుశనగ ఎదిగే రోజుల్లో బడి పక్క చేనులో పది మొక్కలకు గుర్తు పెట్టి, వానకు ముందూ తర్వాతా పేనుబంకనూ అక్షింతల పురుగులనూ లెక్కపెట్టి రావాలి.